జావా వెబ్ యాప్‌లో డేటాబేస్ కనెక్షన్ ఆలస్యం: ప్రాజెక్టు డైరీ

"డేటాబేస్ కనెక్ట్ అవడానికి చాలా టైమ్ పడుతోంది" అన్న ఫిర్యాదు కింద కనీసం రెండు వేర్వేరు జబ్బులు దాక్కుంటాయి. ఒకటి, కొత్త కనెక్షన్ పుట్టడానికే ఆలస్యం. రెండోది, పూల్‌లో (ముందే తెరిచి పెట్టి పదేపదే వాడుకునే కనెక్షన్ల గుంపులో) కనెక్షన్లు ఉన్నా అవి చేతికి రావడానికి ఆలస్యం. దేని మందు దానిదే. మొదటిదానికి పూల్ సైజు పెంచితే ఒరిగేదేమీ లేదు. రెండోదానికి నెట్‌వర్క్ టీమ్ చుట్టూ తిరిగితే టైమ్ వృథా. ఇక్కడ ఆ జబ్బులను టెస్ట్ సర్వర్ల మీద కావాలనే తెప్పించి, కొలిచి, ఒక్కొక్కటిగా తీసేశాం. చాలా అంకెలు ముందే లెక్కకట్టగలిగినవే. మీ దగ్గర బాగా తేడాగా వస్తే ముందు సెటప్‌ని అనుమానించండి.

దశ 0: సెటప్

యాప్ సర్వర్: ఉబుంటు 22.04, జావా 17, స్ప్రింగ్ బూట్ 3.2, అందులోనే ఉండే టామ్‌క్యాట్ (వెబ్ సర్వర్), హికారీ (కనెక్షన్ పూల్ లైబ్రరీ). డేటాబేస్: వేరే మెషీన్‌లో మైఎస్‌క్యూఎల్ 8.0. మూడోది ఒక నకిలీ పేమెంట్ సర్వీసు. అడిగిన ప్రతిసారీ 800 మిల్లీసెకన్లు నిద్రపోయి "ఓకే" అనడమే దాని పని.

మైఎస్‌క్యూఎల్‌ని డాకర్ అఫీషియల్ ఇమేజ్‌తో పెట్టకండి, ఆప్ట్ ప్యాకేజీతో పెట్టండి. ఆ ఇమేజ్ కాన్ఫిగ్‌లో స్కిప్ నేమ్ రిజాల్వ్ (క్లయింట్ ఐపీకి పేరు వెతకొద్దనే సెట్టింగ్) ముందే ఆన్ చేసి ఉంటుంది, దశ 2లోని జబ్బు అందులో అసలు రాదు. "నా ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంది" అన్న మాటకు ఇదొక అసలు కారణం.

లోడ్ ఇచ్చేటప్పుడు "ఇంతమంది యూజర్లు" అని కాకుండా "సెకనుకు ఇన్ని రిక్వెస్టులు" అని ఇవ్వండి. యూజర్ల లెక్కన ఇస్తే సర్వర్ నెమ్మదించగానే లోడ్ కూడా తగ్గిపోతుంది, క్యూ పెరగడం కనిపించదు. లోడ్ టెస్టింగ్ టూల్ జేమీటర్‌లో దీనికి ఓపెన్ మోడల్ థ్రెడ్ గ్రూప్ ఉంది.

ఏదీ మార్చకముందు డిఫాల్ట్‌లు రాసి పెట్టుకోవాలి:

- హికారీ: పూల్ సైజు 10, కనెక్షన్ టైమౌట్ 30 సెకన్లు, వ్యాలిడేషన్ టైమౌట్ 5 సెకన్లు, మ్యాక్స్ లైఫ్‌టైమ్ 30 నిమిషాలు
- టామ్‌క్యాట్: 200 థ్రెడ్లు (ఒక్కో రిక్వెస్ట్‌ను ఒక్కో థ్రెడ్ నడిపిస్తుంది)
- మైఎస్‌క్యూఎల్: మ్యాక్స్ కనెక్షన్స్ 151
- లినక్స్ డీఎన్‌ఎస్ రిజాల్వర్ (పేర్లు, ఐపీలు వెతికేది): 5 సెకన్ల టైమౌట్, 2 ప్రయత్నాలు
- టీసీపీ: కనెక్షన్ మొదలుపెట్టే సిన్ ప్యాకెట్‌కు జవాబు రాకపోతే 1, 3, 7 సెకన్ల దగ్గర మళ్లీ పంపడం

ఈ పట్టిక గోడకు అంటించుకోదగ్గది. బరువైన క్వెరీ ఒకసారి 3.2 సెకన్లు తీసుకుంటే ఇంకోసారి 6.8 తీసుకుంటుంది. టైమర్ అలా కాదు, ప్రతిసారీ ఒకే అంకె దగ్గర ఆగుతుంది. ఆలస్యం 5కో, 10కో, 30కో అతుక్కుని కనిపిస్తే అక్కడ పని జరగడం లేదు, ఎవరో ఎవరికోసమో ఎదురుచూస్తున్నారు. ఆ గడియారం ఎవరిదో కనిపెట్టడమే మిగతా పనంతా.

దశ 1: మూడు మీటర్లు

స్ప్రింగ్ బూట్ యాక్చువేటర్, మైక్రోమీటర్ అనే కొలత లైబ్రరీలు కలిపితే హికారీ మూడు టైమర్లు ఇస్తుంది. మూడూ ఒకే గ్రాఫ్ పేజీలో పెట్టండి.

1. క్రియేషన్: కొత్త కనెక్షన్ తయారవడానికి పట్టిన టైమ్.
2. అక్వైర్: థ్రెడ్ పూల్‌ని అడిగినప్పటి నుంచి కనెక్షన్ చేతికొచ్చేదాకా పట్టిన టైమ్.
3. యూసేజ్: తీసుకున్న కనెక్షన్‌ని తిరిగి ఇచ్చేదాకా పట్టుకున్న టైమ్.

క్రియేషన్ పెరిగితే నెట్‌వర్క్, డీఎన్‌ఎస్, లాగిన్ వైపు చూడాలి. క్రియేషన్ మామూలుగా ఉండి అక్వైర్, యూసేజ్ రెండూ పెరిగితే తప్పు మన కోడ్‌లోనో క్వెరీలోనో ఉంది. అక్వైర్ ఒక్కటే పెరిగితే చచ్చిన కనెక్షన్లు ఉండొచ్చు (దశ 5).

గ్రాఫ్‌లు పెట్టే వీలు లేనిచోట హికారీ లాగ్‌ని డీబగ్ స్థాయికి మార్చినా చాలు. ప్రతి 30 సెకన్లకు మొత్తం, యాక్టివ్, ఐడిల్, వెయిటింగ్ అనే నాలుగు అంకెలు ఒక లైన్‌లో వస్తాయి.

స్ప్రింగ్ లేకుండా కొలవడానికి ఇరవై లైన్ల జావా క్లాస్ ఒకటి రాసి పెట్టుకోండి: డ్రైవర్ మేనేజర్‌తో కనెక్షన్ తెరవడం, మూసేయడం, నానో టైమ్ తేడా ప్రింట్ చేయడం, ఇదే ఐదుసార్లు. మొదటి అంకెను కొట్టేయండి. అందులో డ్రైవర్ క్లాసులు లోడ్ అవడం, టీఎల్‌ఎస్ తయారవడం కలిసిపోతాయి. ఆ ఒక్క అంకె చూసి డేటాబేస్ మీద నేరం మోపడం తరచూ జరిగేదే.

దశ 2: కనెక్షన్ పుట్టడమే ఆలస్యం

జబ్బు తెప్పించిన పద్ధతి: డేటాబేస్ మెషీన్‌లోని రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైల్‌లో ఒకే ఒక్క నేమ్ సర్వర్‌గా 192.0.2.1 పెట్టాం. అది ఉదాహరణల కోసం కేటాయించిన అడ్రస్ వరుసలోది, అటు పంపిన ప్యాకెట్‌కు జవాబు రాదు.

ఈ మార్పు ఊరికే చేస్తే ఫలితం నిలకడగా రాదు. ఉబుంటులో ఆ ఫైల్ ఒక లింక్ మాత్రమే, దాని వెనక సిస్టమ్‌డీ రిజాల్వ్‌డ్ 127.0.0.53 మీద కూర్చుని తన లెక్క ప్రకారం సర్వర్లను ఎంచుకుంటుంది. లింక్ తీసేసి మామూలు ఫైల్ పెట్టి, మైఎస్‌క్యూఎల్‌ని రీస్టార్ట్ చేయాలి. రీస్టార్ట్ చేయకపోతే అంతకుముందు విజయవంతంగా వెతికిన అడ్రసులు మైఎస్‌క్యూఎల్ గుర్తుపెట్టుకునే హోస్ట్ క్యాష్‌లో ఉండిపోయి జబ్బును కప్పేస్తాయి.

ఫలితం: జావా క్లాస్ ప్రతిసారీ 10 సెకన్లు, పైన కొద్ది మిల్లీసెకన్లు చూపిస్తుంది. 5 సెకన్ల టైమౌట్, 2 ప్రయత్నాలు.

ఎందుకంటే, క్లయింట్ టీసీపీలో తగలగానే మైఎస్‌క్యూఎల్ ఆ ఐపీకి పేరేమిటో డీఎన్‌ఎస్‌ని అడుగుతుంది. యూజర్ అకౌంట్లను హోస్ట్ పేరుతో కూడా ఇవ్వొచ్చు కాబట్టి దానికి పేరు కావాలి. "ఆ ఐపీకి పేరు లేదు" అని డీఎన్‌ఎస్ ఖచ్చితంగా చెబితే దాన్ని హోస్ట్ క్యాష్‌లో రాసుకుంటుంది, రెండోసారి అడగదు. జవాబే రాకపోతే అది తాత్కాలిక లోపంగా భావించి రాసుకోదు. అందుకే ప్రతి కొత్త కనెక్షన్‌కూ మళ్లీ 10 సెకన్లు.

పట్టుకునే వరుస:

1. యాప్ సర్వర్ నుంచి నెట్‌క్యాట్‌తో మైఎస్‌క్యూఎల్ 3306 పోర్టుకు తగలండి. మైఎస్‌క్యూఎల్ ప్రోటోకాల్‌లో ముందు మాట్లాడేది సర్వరే, పాస్‌వర్డ్ లేకుండానే వెర్షన్ నంబర్‌తో పలకరింపు రావాలి. అది 10 సెకన్ల తర్వాత వస్తే జావా, హికారీ, పాస్‌వర్డ్, టీఎల్‌ఎస్ నాలుగింటికీ ఒకేసారి క్లీన్ చిట్.
2. టీసీపీడంప్‌తో (వచ్చే పోయే ప్యాకెట్లను చూపే టూల్) 3306 చూడండి. మూడు హ్యాండ్‌షేక్ ప్యాకెట్లు వెంటనే, ఆ తర్వాత నిశ్శబ్దం, తర్వాత సర్వర్ మొదటి ప్యాకెట్. హ్యాండ్‌షేకే 1, 3, 7 సెకన్ల మెట్లలో ఆలస్యమైతే అది ఫైర్‌వాల్ లేదా ప్యాకెట్ల నష్టం, ఈ దశ కాదు.
3. ఆ నిశ్శబ్దం సమయంలో డేటాబేస్‌లో ప్రాసెస్ లిస్ట్ చూడండి. "అనాథెంటికేటెడ్ యూజర్" పేరుతో వరుసలు పేరుకుని ఉంటాయి.
4. డేటాబేస్ మెషీన్ మీద డీఎన్‌ఎస్ వాడే 53 పోర్టుకు టీసీపీడంప్ పెట్టండి. యాప్ సర్వర్ ఐపీ తిరగేసి అడిగిన ప్రశ్న కనిపిస్తుంది, జవాబు కనిపించదు.
5. అదే మెషీన్‌లో డిగ్‌తో యాప్ సర్వర్ ఐపీకి రివర్స్ లుకప్ చేసి ఖాయం చేసుకోండి.

డీబీఏ (డేటాబేస్ అడ్మిన్) తన మెషీన్‌లో కూర్చుని "నాకైతే వెంటనే కనెక్ట్ అవుతోంది" అంటే అబద్ధం కాదు. అక్కడి నుంచి యూనిక్స్ సాకెట్ మీద వెళ్తే పేరు వెతకడమే ఉండదు.

మార్చింది: మైఎస్‌క్యూఎల్ కాన్ఫిగ్‌లో స్కిప్ నేమ్ రిజాల్వ్ ఆన్ చేసి రీస్టార్ట్. ఇది నడుస్తుండగా మార్చే వేరియబుల్ కాదు. దానికంటే ముందు యూజర్ టేబుల్‌లో హోస్ట్ కాలమ్ తప్పక చూడాలి. హోస్ట్ పేరుతో ఇచ్చిన అకౌంట్లు దీని తర్వాత పనిచేయవు, వాటిని ఐపీలకు మార్చుకోవాలి. 127.0.0.1 ద్వారా వచ్చి "లోకల్‌హోస్ట్" అకౌంట్‌తో లాగిన్ అయ్యే బ్యాకప్ స్క్రిప్టులు కూడా ఇక్కడే విరుగుతాయి. రీస్టార్ట్‌కు అనుమతి దొరకకపోతే యాప్ సర్వర్ల ఐపీలు, పేర్లు డేటాబేస్ మెషీన్ హోస్ట్స్ ఫైల్‌లో రాయడం తాత్కాలిక మందు.

పూల్ ఉండగా 10 సెకన్ల క్రియేషన్ యూజర్‌కు ఎందుకు తగులుతుంది? హికారీ కొత్త కనెక్షన్లను ఒకే థ్రెడ్‌తో, ఒకదాని తర్వాత ఒకటి తయారుచేస్తుంది. డేటాబేస్ రీస్టార్ట్ అయితే పూల్ మళ్లీ 10కి చేరడానికి 10 × 10 = 100 సెకన్లు. అలాగే 30 నిమిషాల లైఫ్‌టైమ్ తీరి కనెక్షన్ రిటైరైన ప్రతిసారీ పూల్‌లో 10 సెకన్ల ఖాళీ. "అరగంటకోసారి కాసేపు స్లో" అనే ఫిర్యాదు వస్తే ముందు చూడాల్సింది క్రియేషన్ మీటరే.

ఇక్కడికి లెక్క:
- క్రియేషన్: 10 సెకన్లు → మిల్లీసెకన్లలోకి
- రీస్టార్ట్ తర్వాత పూల్ నిండడం: 100 సెకన్లు → 1 సెకను లోపు

పాత లినక్స్ మీద ఒరాకిల్ వాడేవాళ్లకు ఒక మాట. ఒరాకిల్ థిన్ డ్రైవర్ లాగిన్‌కు సెక్యూర్ ర్యాండమ్ (ఎవరూ ఊహించలేని సంఖ్యలు ఇచ్చే జావా క్లాస్) కావాలి. 5.6 కంటే పాత కెర్నెల్‌లో, కొత్తగా బూట్ అయిన వర్చువల్ మెషీన్ మీద డెవ్ ర్యాండమ్ దగ్గర థ్రెడ్ ఆగిపోవచ్చు. జెస్టాక్‌లో (థ్రెడ్లు ఎక్కడ ఆగాయో చూపే టూల్) సీడ్ చదువుతున్న ఫ్రేమ్ కనిపిస్తే అదే. జావా ఆప్షన్లలో డెవ్ యూర్యాండమ్‌కు మళ్లిస్తే సరిపోతుంది.

దశ 3: పూల్‌లో కనెక్షన్ దొరకడం ఆలస్యం

పరీక్ష కోడ్: ఒక ట్రాన్సాక్షనల్ మెథడ్ (మొదటి నుంచి చివరిదాకా ఒకే డేటాబేస్ ట్రాన్సాక్షన్‌లో నడిచేది). ఆర్డర్ చదువుతుంది (సుమారు 5 మిల్లీసెకన్లు), నకిలీ పేమెంట్ సర్వీసును అడుగుతుంది (800), ఆర్డర్‌ని అప్‌డేట్ చేస్తుంది (5). కనెక్షన్ మొత్తం 810 మిల్లీసెకన్లు చేతిలో ఉంటుంది. డేటాబేస్ పని అందులో 10. హోటల్లో భోంచేసి, ఆకు ముందే కూర్చుని ఫోన్ మాట్లాడే మనిషి లెక్క ఇది.

10 కనెక్షన్లు ÷ 0.81 సెకన్లు = సెకనుకు 12.3 రిక్వెస్టులు. ఇదే పైకప్పు. లోడ్ సెకనుకు 20 ఇచ్చాం. సెకనుకు 7.7 చొప్పున పేరుకుని, సుమారు 25 సెకన్లలో టామ్‌క్యాట్ 200 థ్రెడ్లూ నిండుతాయి. అక్కడి నుంచి అక్వైర్ 190 ÷ 12.3 = సుమారు 15 సెకన్ల దగ్గర నిలబడుతుంది.

ఈ 15 దగ్గర కాసేపు ఆగాలి. 30 సెకన్ల కనెక్షన్ టైమౌట్‌కు ఇది ఎప్పటికీ చేరదు. కాబట్టి "కనెక్షన్ ఈజ్ నాట్ అవైలబుల్" అనే హికారీ ఎర్రర్ లాగ్‌లో ఒక్కటి కూడా రాదు. థ్రెడ్ల కొరతే పూల్ కొరతను దాచిపెడుతోంది. థ్రెడ్ దొరకని రిక్వెస్టులు టామ్‌క్యాట్ క్యూలో విడిగా ఎదురుచూస్తాయి, ఆ టైమ్ అక్వైర్ మీటర్‌లో ఉండదు, బ్రౌజర్‌లో మాత్రం ఉంటుంది. లాగ్ శుభ్రంగా ఉంది కదా అని పూల్‌ని వదిలేయడం ఇక్కడి పెద్ద ఉచ్చు. జావా 21కి మారి వర్చువల్ థ్రెడ్లు ఆన్ చేస్తే 200 అనే కట్ట తెగి, అదే కోడ్ 30 సెకన్ల ఎర్రర్లు కురిపిస్తుంది. జనం నింద జావా మీద వేస్తారు.

ప్రయత్నం ఒకటి: పూల్ 10 నుంచి 50. పైకప్పు 50 ÷ 0.81 = 61.7. గ్రాఫ్ చదునైపోయింది. తర్వాత నకిలీ సర్వీసు నిద్రను 800 నుంచి 4,000 మిల్లీసెకన్లకు పెంచాం. పైకప్పు 50 ÷ 4.01 = 12.5. మొదటికొచ్చింది. పైగా ప్రొడక్షన్‌లోలా 4 ఇన్‌స్టాన్సులు (యాప్ కాపీలు) లేపితే 4 × 50 = 200, మైఎస్‌క్యూఎల్ పరిమితి 151. చివరి ఇన్‌స్టాన్స్‌కు "టూ మెనీ కనెక్షన్స్". పూల్‌ని వెనక్కి 10కి తెచ్చాం.

ప్రయత్నం రెండు: బయటి కాల్‌ని ట్రాన్సాక్షన్ బయటికి లాగడం.

1. మొదటి చిన్న ట్రాన్సాక్షన్: ఆర్డర్ చదివి, స్టేటస్‌ను "పేమెంట్ నడుస్తోంది" అని మార్చి కమిట్.
2. ట్రాన్సాక్షన్ లేకుండా పేమెంట్ కాల్, 2 సెకన్ల కనెక్ట్, రీడ్ టైమౌట్లతో.
3. రెండో చిన్న ట్రాన్సాక్షన్: స్టేటస్ ఇంకా "నడుస్తోంది" అని ఉంటేనే ఫలితం రాసి కమిట్.
4. మధ్యలో యాప్ పడిపోయిన ఆర్డర్ల కోసం, అదే స్టేటస్‌లో ఇరుక్కున్న పాతవాటిని ఏరి సర్వీసుతో సరిచూసే చిన్న జాబ్.

నాలుగోది మానేసి మొదటి మూడే చేసేవాళ్లుంటారు. డబ్బు సంగతి కాబట్టి అది కుదరదు.

ఒకే క్లాస్‌లో ఒక మెథడ్ నుంచి ఇంకో ట్రాన్సాక్షనల్ మెథడ్‌ని నేరుగా పిలిస్తే ట్రాన్సాక్షన్ మొదలుపెట్టే స్ప్రింగ్ ప్రాక్సీ మధ్యలోకి రాదు, అనొటేషన్ ఉత్త అలంకారం అవుతుంది. అందుకే ట్రాన్సాక్షన్‌ను కోడ్‌లోనే తెరిచి మూసే ట్రాన్సాక్షన్ టెంప్లేట్ వాడాం.

ఇంత చేసినా యూసేజ్ మీటర్ 810 దగ్గర నుంచి కదల్లేదు. కారణం స్ప్రింగ్ బూట్‌లో డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉండే ఓపెన్ ఇన్ వ్యూ. అది హైబర్నేట్ (జావా ఆబ్జెక్టులను టేబుళ్లతో కలిపే లైబ్రరీ) సెషన్‌ని రిక్వెస్ట్ చివరిదాకా తెరిచే ఉంచుతుంది. మొదటి క్వెరీతో తీసుకున్న కనెక్షన్, ట్రాన్సాక్షన్ కమిట్ అయినా సెషన్‌తోపాటే ఉండిపోతుంది. యాప్ లేచేటప్పుడు దీని గురించి ఒక వార్నింగ్ లైన్ వస్తుంది, ఎవరూ చదవరు. దాన్ని ఫాల్స్ చేశాక యూసేజ్ సుమారు 10, 5 మిల్లీసెకన్ల రెండు ముక్కలుగా విడిపోయింది.

వెంటనే రెండు స్క్రీన్లలో లేజీ ఇనిషియలైజేషన్ ఎక్సెప్షన్ వచ్చింది. వ్యూలోనో జేసన్ తయారీలోనో లేజీ ఫీల్డులను (అడిగినప్పుడే డేటాబేస్ నుంచి వచ్చేవి) ముట్టుకునే చోట్లు ఇవి. కావలసిన ఫీల్డులను సర్వీసు లోపలే జాయిన్ ఫెచ్‌తో తెచ్చుకుంటే తీరిపోతుంది. పెద్ద యాప్‌లో ఈ ఒక్క స్విచ్‌కు టెస్టింగ్ విడిగా పెట్టుకోవాలి, శుక్రవారం సాయంత్రం తిప్పకూడదు.

ఇక్కడికి లెక్క (సెకనుకు 20 రిక్వెస్టులు, పూల్ 10):
- కనెక్షన్ పట్టుకున్న టైమ్: 810 → 15 మిల్లీసెకన్లు
- సగటున బిజీగా ఉన్న కనెక్షన్లు: పదికి పది → 20 × 0.015 = 0.3
- అక్వైర్: 15 సెకన్లు → దాదాపు సున్నా
- క్రియేషన్: దశ 2లో ఉన్నట్టే

దశ 4: లీకు, లోపలి ట్రాన్సాక్షన్

లీకు (తీసుకున్న కనెక్షన్‌ని తిరిగి ఇవ్వకపోవడం) సంగతి త్వరగా తేలుతుంది. లీక్ డిటెక్షన్ థ్రెషోల్డ్‌ను 5 సెకన్లు పెట్టండి (2 సెకన్లకు తక్కువ పెడితే హికారీ ఒప్పుకోదు). కనెక్షన్ తీసుకున్న చోటి స్టాక్ ట్రేస్ లాగ్‌లోకి వస్తుంది. తర్వాత అదే కనెక్షన్ తిరిగొచ్చిందని ఇంకో లైన్ వస్తే అది లీకు కాదు, నెమ్మది పని. రెండో లైన్ ఎప్పటికీ రాకపోతే నిజమైన లీకు: క్లోజ్ చేయని పాత జేడీబీసీ కోడ్. ట్రై విత్ రిసోర్సెస్‌లోకి మార్చాలి.

దీనికంటే మోసకరమైనది రిక్వైర్స్ న్యూ, అంటే విడిగా కొత్త ట్రాన్సాక్షన్ తెరవమనే స్ప్రింగ్ సెట్టింగ్. ఆడిట్ లాగ్ రాయడానికి లోపలి మెథడ్ మీద ఇది పెడతారు. బయటి ట్రాన్సాక్షన్ ఒక కనెక్షన్ పట్టుకుని ఉండగానే లోపలిది రెండోది అడుగుతుంది. 10 రిక్వెస్టులు ఒకే క్షణంలో వస్తే పదీ తలా ఒకటి పట్టుకుని, రెండోదానికోసం ఒకదాని మొహం ఒకటి చూసుకుంటాయి. గుర్తులు: ఆలస్యం ఖచ్చితంగా 30 సెకన్లు, సీపీయూ ఖాళీ, డేటాబేస్ ప్రాసెస్ లిస్ట్‌లో అన్నీ "స్లీప్". జెస్టాక్‌లో పది థ్రెడ్లూ హికారీ కాంకరెంట్ బ్యాగ్ దగ్గర ఆగి ఉంటాయి.

ఈ ఇరుకు రాకుండా ఉండాలంటే పూల్ సైజు = థ్రెడ్లు × (ఒక్కో థ్రెడ్‌కు కావలసినవి − 1) + 1, అంటే 200 × 1 + 1 = 201. ఒక ఇన్‌స్టాన్సే మైఎస్‌క్యూఎల్ పరిమితి దాటేస్తుంది. కాబట్టి సైజు మార్చలేదు, ఆడిట్ రాతను బయటి ట్రాన్సాక్షన్ ముగిశాక జరిగేలా మార్చాం. బయటిది రోల్‌బ్యాక్ అయినా ఆడిట్ ఉండాలన్న నియమం ఉంటే, ముగింపు ఏదైనా నడిచేలా రాయాలి, కమిట్ అయినప్పుడే అని కాదు.

దశ 5: ఖాళీగా ఉన్నప్పుడు చచ్చే కనెక్షన్లు

రాత్రంతా ట్రాఫిక్ లేని యాప్‌లో పొద్దున్నే మొదటి రిక్వెస్ట్ మాత్రమే చచ్చేంత స్లో. మధ్యలోని ఫైర్‌వాల్ ఐడిల్ కనెక్షన్లను చెప్పకుండా మరిచిపోతే ఇలా అవుతుంది. పరీక్షలో పూల్ నిండాక డేటాబేస్ మెషీన్ మీద ఐపీటేబుల్స్‌తో యాప్ ప్యాకెట్లను డ్రాప్ చేయించాం. రిజెక్ట్ కాదు, డ్రాప్ (జవాబివ్వకుండా పారేయడం). టీసీపీ రీసెట్‌తో రిజెక్ట్ చేస్తే వెంటనే ఎర్రర్ వచ్చి హికారీ తప్పించుకుంటుంది.

అర సెకను కంటే ఎక్కువ ఖాళీగా ఉన్న కనెక్షన్‌ని హికారీ ఇచ్చేముందు పరీక్షిస్తుంది. జవాబు రాకపోతే 5 సెకన్ల వ్యాలిడేషన్ టైమౌట్, పారేసి తర్వాతది. ఆరు చచ్చిన కనెక్షన్లు × 5 = 30 సెకన్లు, కనెక్షన్ టైమౌట్ అయిపోయి ఎర్రర్. దశ 2లోని డీఎన్‌ఎస్ 5 సెకన్లతో దీన్ని కలపకండి: అక్కడ పెరిగేది క్రియేషన్, ఇక్కడ అక్వైర్.

అజూర్ లోడ్ బ్యాలెన్సర్ ఐడిల్ టైమౌట్ డిఫాల్ట్‌గా 4 నిమిషాలు. ఏడబ్ల్యూఎస్ నాట్ గేట్‌వేది 350 సెకన్లు, కాకపోతే అది ఆ తర్వాత వచ్చిన ప్యాకెట్‌కు రీసెట్ పంపుతుంది కాబట్టి దెబ్బ చిన్నది. లినక్స్ టీసీపీ కీప్‌అలైవ్ (ఖాళీ కనెక్షన్ బతికుందా అని పలకరించడం) మొదలయ్యేది 7,200 సెకన్లకు, అప్పటికి అంతా అయిపోయి ఉంటుంది.

మార్చింది: హికారీ కీప్‌అలైవ్ టైమ్ 2 నిమిషాలు. మనం వాడిన వెర్షన్‌లో ఇది డిఫాల్ట్‌గా ఆఫ్. డ్రైవర్ సాకెట్ టైమౌట్ డిఫాల్ట్ సున్నా, అంటే ఎంతసేపైనా ఎదురుచూస్తుంది. దాన్ని 60 సెకన్లు చేశాం. రాత్రి నడిచే రిపోర్టు క్వెరీ అంతకంటే ఎక్కువ పడితే దానికి వేరే డేటాసోర్స్ పెట్టాలి, లేకపోతే రిపోర్టు మధ్యలో తెగుతుంది.

చివరికి ఉంచిన విలువలు

- పూల్ సైజు 10 (4 ఇన్‌స్టాన్సులకు 40, పరిమితి 151)
- కనెక్షన్ టైమౌట్ 30 → 5 సెకన్లు. యూజర్‌ని అరనిమిషం నిలబెట్టి ఎర్రర్ చూపడం కంటే త్వరగా చూపడం మేలు
- వ్యాలిడేషన్ టైమౌట్ 5 → 2 సెకన్లు. ఇది కనెక్షన్ టైమౌట్ కంటే తక్కువగా ఉండాలి
- మ్యాక్స్ లైఫ్‌టైమ్ 30 నిమిషాలు, అలాగే ఉంచాం
- కీప్‌అలైవ్ 2 నిమిషాలు, ఓపెన్ ఇన్ వ్యూ ఆఫ్
- డ్రైవర్ కనెక్ట్ టైమౌట్ 3 సెకన్లు, సాకెట్ టైమౌట్ 60 సెకన్లు
- లీక్ డిటెక్షన్: టెస్ట్ సర్వర్‌లో 5 సెకన్లు, ప్రొడక్షన్‌లో 30

అలర్ట్‌లు మూడే: క్రియేషన్ 1 సెకను దాటితే, అక్వైర్ 99వ పర్సంటైల్ (వందలో 99 రిక్వెస్టులు దాటని అంకె) 100 మిల్లీసెకన్లు దాటితే, వెయిటింగ్ అంకె ఒక నిమిషంపాటు సున్నాకు దిగకపోతే. యాక్టివ్ కనెక్షన్ల శాతం మీద అలర్ట్ పెట్టలేదు. పదికి పదీ బిజీగా ఉండి వెయిటింగ్ సున్నా ఉంటే పూల్ తన పని తాను చేస్తున్నట్టే.